భగత్‌సింగ్ పటం: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

సంక్రాంతి అయ్యాక

నాది హనుమకొండలో ఫ్లెక్స్ డిజైన్ పని. భగత్‌సింగ్‌ను ఉరి తీసిన మార్చి 23 దగ్గర పడిందంటే విద్యార్థి సంఘాల వాళ్ళు, గల్లీ యూత్ వాళ్ళు వరసబెట్టి వస్తారు, అందరికీ కావాల్సింది ఒకటే బొమ్మ: పసుపు తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో పిస్తోలు. ఆ బొమ్మ పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలు లేని షాపు వరంగల్‌లో ఉండదు. కింద సంఘం నాయకుల ఫోటోలు, ఒక్కోసారి భగత్‌సింగ్ కంటే పెద్దవి. పైసలు ఇచ్చేది వాళ్ళు కాబట్టి మనం మాట్లాడం, తాడు కట్టడానికి అంచులకు ఐలెట్ రింగులు కొట్టి ఇచ్చేస్తాం. నెల తిరగకముందే ఆ ఫ్లెక్స్ ఏ టీ కొట్టు మీదో కప్పుగా కనబడుతుంది.

ఈసారి కొత్తవాడలో చిన్న రీడింగ్ రూమ్ నడుపుతున్న పిల్లలు వచ్చి, "అన్నా, ఫ్లెక్స్ వద్దు. గోడకు ఎప్పటికి ఉండేటిది ఏమన్న చెయ్యరాదు" అన్నారు. అట్లా మొదలైంది ఈ పటం. చేర్యాల పటం పద్ధతిలో, బట్ట మీద, కథ పైనుంచి కిందికి దిగేటట్టు. చేర్యాలలో ఒక నకాషీ (ఈ పటాలు గీసే) పెద్దాయన దగ్గర పోయినేడు కొన్నాళ్ళు కూర్చుని గీత, పూత నేర్చుకున్నాను, కాబట్టి బొత్తిగా కొత్త పనేం కాదు. (చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ, మొన్నమొన్నటిదాకా మా వరంగల్ జిల్లానే.)

కొలత మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. పాత పటాలు అరవై అడుగుల దాకా ఉండేవి. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పేవాళ్ళు వేరే. మాది పద్మశాలి వాడ, బాపు (మా నాన్న) చిన్నప్పుడు కూనపులి వాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం పటం కట్టి చెప్పేవాళ్ళట. "రాత్రంత చెప్పేటోళ్ళు, మేము నడుమనే నిద్రపోయేటోళ్ళం" అంటాడు. అందుకే ఆయనకు ఈ పని మీద నాకంటే ఎక్కువ ఆసక్తి, ఎక్కువ అభ్యంతరాలు కూడా.

బట్ట

మా వాడలో నేసేవి ఎక్కువగా జంపఖానాలు. పటానికి ఆ మందం పనికిరాదు, అందుకని ఖద్దరు తాను తెప్పించాను. ముందు గంజి, తర్వాత సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపి పూత. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టాలి. మిక్సీలో వేస్తే జారు పాడైపోతుందేమో అనుకున్నారేమో ఇంట్లో ఎవరూ మిక్సీ ఇవ్వలేదు, రోట్లోనే రుబ్బాను. అంబలి సరిగ్గా కుదిరిందా లేదా అని బాపు రెండు వేళ్ళ మధ్య తీసి సాగదీసి చూశాడు. పడుగుకు గంజి పెట్టిన చెయ్యి కదా, ఆ వేళ్ళకు తెలిసినంత నాకు తెలియదు. "ఇంకొంచెం కాగనియ్యి" అన్నాడు, కాగనిచ్చాను.

ఒక పూత ఆరాక ఇంకో పూత. జనవరి చలికి మబ్బు పట్టిన రోజుల్లో ఆరడానికి చాలా సేపు పట్టింది. ఆరిన బట్టను వేళ్ళతో మీటితే డప్పు మీద కొట్టినట్టు మోత రావాలి, అప్పుడు గీతకు సిద్ధం.

మొహం

ఇక్కడే అసలు తలనొప్పి. భగత్‌సింగ్ ఫోటోలు నికరంగా తెలిసినవి నాలుగే. పదకొండేళ్ళప్పటిది ఒకటి. లాహోరు నేషనల్ కాలేజీలో తోటివాళ్ళతో దిగింది ఒకటి, అందులో తెల్ల తలపాగా. 1927లో అరెస్టు చేసినప్పుడు పోలీస్ స్టేషన్‌లో నులక మంచం మీద కూర్చుని ఉన్నది ఒకటి, చేతులకు బేడీలు, తల మీద ఏమీ లేదు, జుట్టు ముడి. ఆ కేసులో బెయిలుకు 60,000 రూపాయల పూచీకత్తు అడిగారు, ఆ రోజుల్లో 60,000! నాలుగోది అందరికీ తెలిసిన టోపీ ఫోటో, 1929 ఏప్రిల్‌లో అసెంబ్లీలో బాంబు వేయడానికి ముందు ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గర స్టూడియోలో దిగింది. పట్టుబడ్డాక పేపర్లలో వేయడానికి ఫోటో కావాలని ముందే ఆలోచించి దిగారు, ఆయనా, బటుకేశ్వర్ దత్తూ. ఫ్లెక్సులు కొట్టేవాడిగా ఈ ముక్క నాకు భలే నచ్చింది.

నాలుగింటిలో ఎక్కడా పసుపు తలపాగా లేదు (నలుపు తెలుపు ఫోటోల్లో రంగెట్లా తెలుస్తుందని మా మేనకోడలు అడిగింది, సరైన ప్రశ్నే, కానీ ఆ తలపాగా కట్టు కూడా వేరే). పిస్తోలు లేదు. మెలితిప్పిన మీసం లేదు, ఉన్నది నూనూగు మీసం. మొత్తానికి మన షాపుల్లో ఉన్న పీఎస్‌డీ మనిషిని ఎవరూ ఎన్నడూ చూడలేదు.

చేర్యాల పద్ధతిలో మొహాలు ఫోటోలాగా ఉండవు. పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన మొహం, అందరూ ఒక్క తీరే. ఎవరు ఎవరో తెలిసేది ఒంటి రంగు బట్టి, చేతిలో ఉన్నదాన్ని బట్టి. గద ఉంటే భీముడు, విల్లు ఉంటే అర్జునుడు. బాపు అడిగింది అదే. "చేతిల ఏం లేకుంటే జనం ఎట్ల గుర్తుపడ్తరు?" రెండు రోజులు దీని మీదే వాదన, అన్నం తినేటప్పుడు కూడా.

నేను చివరికి తేల్చుకున్నది: పుస్తకం. పటంలో ఒక్కో ఘట్టానికి ఒక్కో గడి, అన్ని గడుల్లోనూ ఏదో ఒక పుస్తకమో కాగితమో ఆయన దగ్గర ఉంటుంది. పిస్తోలు ఒక్క గడిలో వస్తుంది, ఎక్కడ నిజంగా కాల్చాడో అక్కడ. బాపు పూర్తిగా ఒప్పుకోలేదు, "వెయ్యి, చూస్తం" అన్నాడు.

పై గడులు

మొదటి మూడు నాలుగు గడులు తొందరగా అయిపోయాయి. 1907లో లాయల్‌పూర్ జిల్లా బంగా ఊరు, తండ్రి కిషన్‌సింగ్, తల్లి విద్యావతి. అదే ఏడు చిన్నాన్న అజిత్‌సింగ్‌ను రైతు ఉద్యమం నడిపినందుకు బర్మాలో మాండలేకు పంపించారు, కాబట్టి పొలం ఒకవైపు, ఓడ ఒకవైపు. తర్వాత లాహోరు కాలేజీ. తర్వాత కాన్పూర్‌లో గణేశ్ శంకర్ విద్యార్థి నడిపిన ప్రతాప్ పత్రికలో బల్వంత్ అనే పేరుతో రాయడం. ఆ గడిలో అచ్చు యంత్రం వేశాను, నాకు ఆ యంత్రాలంటే ఇష్టం, కొంచెం అవసరానికంటే పెద్దగానే వచ్చింది.

1928 గడి మీద ఎక్కువ సేపు కూర్చున్నాను. అక్టోబర్ 30న లాహోరులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా ఊరేగింపు, లాలా లజపతిరాయ్ మీద లాఠీ దెబ్బలు, నవంబర్ 17న ఆయన మరణం. సరిగ్గా నెలకు, డిసెంబర్ 17న, లాఠీఛార్జి చేయించిన స్కాట్ అనుకుని సాండర్స్ అనే ఇంకో అధికారిని రాజ్‌గురు, భగత్‌సింగ్ కాల్చారు. తరుముకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ చనన్‌సింగ్‌ను చంద్రశేఖర్ ఆజాద్ కాల్చాడు. చనన్‌సింగ్ ఏ పోస్టర్‌లోనూ ఉండడు. నా పటంలో ఉన్నాడు, నేల మీద పడి, తలపాగా పక్కకు దొర్లి. రీడింగ్ రూమ్ పిల్లల్లో ఒకరికి ఇది నచ్చలేదు, "హీరోను తక్కువ చేసినట్టు ఉంటది కదన్నా" అన్నాడు. ప్రాణాలు పోవడం తమకు బాధేనని, ఆ హత్య గురించి అతికించిన పోస్టర్‌లో వాళ్ళే రాసుకున్నారు తమ్ముడూ, మనం దాచేదేముంది అన్నాను.

రైలు

పిల్లలందరికీ నచ్చిన గడి ఇది. సాండర్స్ హత్య తర్వాత లాహోరు నిండా పోలీసులు. దుర్గాభాభీ, అంటే వాళ్ళ సహచరుడు భగవతీచరణ్ వోరా భార్య దుర్గావతి, మూడేళ్ళ కొడుకును ఎత్తుకుని, భగత్‌సింగ్‌కు భార్యగా నటిస్తూ రైలెక్కింది. ఆయన కోటు, టోపీ, దొర వేషం. రాజ్‌గురు నౌకరు వేషం, సామాను మోసుకుంటూ. ఆమె, భగత్‌సింగ్ లక్నో మీదుగా కలకత్తా చేరారు. మొగుడు ఊళ్ళో లేనప్పుడు, చంటిపిల్లాడితో, తుపాకులున్న మనుషుల వెంట ఫస్ట్ క్లాసులో. ఈ గడిలో పెద్ద బొమ్మ ఆమెదే వేశాను. నకాషీ పద్ధతిలో కథలో ఎవరు ముఖ్యమో వాళ్ళే పెద్దగా ఉంటారు, ఆ రోజు ముఖ్యం ఆమె. ఆమె 1999 దాకా బతికింది, లక్నోలో బడి నడిపింది. ఎంతమందికి తెలుసు?

ఇంజన్ గీసి కాజీపేటలో ఉండే మా మేనమామకు ఫోటో పంపాను. లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. వెంటనే ఫోన్. "అల్లుడూ, పొగగొట్టం నడుమ పెట్టినవేందిరా, ముందుకు జరుపు. బొగ్గు, నీళ్ళ బండి ఏది? నీళ్ళు లేకుండ ఇంజన్ ఎట్ల నడుస్తది?" ఇంకా చక్రాల కడ్డీ గురించి చాలా చెప్పాడు. టెండర్ పెట్టె గీసి, పొగగొట్టం జరిపి మళ్ళీ పంపాను, పాసయ్యాను.

ఈ గడి వేస్తుంటే ఒకటి కుదిరింది. పటంలో రెండు రైళ్ళు వస్తాయి, రెండూ లాహోరు నుంచి కలకత్తాకే. మొదటిది ఇది, 1928 డిసెంబర్, దాక్కుని. రెండోది 1929 సెప్టెంబర్, జైల్లో నిరాహారదీక్షలో చనిపోయిన జతీంద్రనాథ్ దాస్ శవం వెళ్ళిన రైలు, దారి పొడుగునా స్టేషన్లలో జనం. రెండింటికీ ఒకే ఇంజన్, ఒకే గీత. మొదటి దానిలో కిటికీలన్నీ మూసి ఉంటాయి, ప్లాట్‌ఫామ్ మీద పోలీసులు. రెండో దానిలో ప్లాట్‌ఫామ్ అంచు దాకా తలకాయలే.

అసెంబ్లీ

1929 ఏప్రిల్ 8. ఢిల్లీ, గుండ్రటి భవనం. పబ్లిక్ సేఫ్టీ బిల్లు, కార్మికుల సమ్మెలను కట్టడి చేసే ట్రేడ్ డిస్ప్యూట్స్ బిల్లు. కుర్చీలో విఠల్‌భాయ్ పటేల్. మనుషుల్లేని చోట చూసి బాంబులు వేశారు, కొద్దిమందికి చిన్న గాయాలు తప్ప ఎవరూ చావలేదు. అందుకని బెంచీలు ఖాళీగా గీశాను, పొగ ఆ ఖాళీ బెంచీల మీద. పైనుంచి కరపత్రాలు. సుద్ద తెలుపును అలాగే వదిలేసి చుట్టూ ఎరుపు నింపితే కాగితాలు వాటంతట అవే తేలాయి, రంగు వేయాల్సిన పనే లేకపోయింది. అందరూ బెంచీల కింద దూరుతుంటే ఇద్దరే నిలబడి ఉంటారు. పారిపోయే వీలున్నా పోలేదు, పట్టుబడి కోర్టులో మాట్లాడాలన్నదే వాళ్ళ లెక్క. ఇద్దరికీ యావజ్జీవం పడింది.

ఎరుపు అంటే గుర్తొచ్చింది. షాపు ముందు ఆరబెట్టినప్పుడు వచ్చేపోయేవాళ్ళు "ఏ పార్టీ కోసం?" అని అడుగుతున్నారు. చేర్యాల పటం వెనక రంగు ఎప్పుడూ ఎరుపే సామీ, మార్కండేయుడిదైనా, మడేలయ్యదైనా. అయితే వాళ్ళ విప్లవ సంఘం హిందుస్తాన్ రిపబ్లికన్ అసోసియేషన్ పేరులో సోషలిస్టు అనే మాట చేర్చాలని 1928లో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మీటింగులో పట్టుబట్టిన వాళ్ళలో భగత్‌సింగ్ ముఖ్యుడు, కాబట్టి అడిగినవాళ్ళది మరీ తప్పు కూడా కాదు.

జైలు, పటంలో సగం

పోస్టర్లలో జైలు అంటే ఉరితాడే. నా పటంలో ఇరవై అడుగుల్లో దాదాపు సగం జైలుకే పోతోంది. బాపుకి ఇదీ అనుమానమే, కూర్చున్న మనిషిని ఎంతసేపు చూస్తారని. కానీ లెక్క చూస్తే ఆయన పేరు దేశమంతా తెలిసింది లోపలున్న ఆ రెండేళ్ళలోనే, రాసింది, చదివింది, కొట్లాడింది ఎక్కువ అక్కడే.

1929 జూన్ మధ్యలో నిరాహారదీక్ష మొదలు. రాజకీయ ఖైదీలకు యూరోపియన్ ఖైదీలతో సమానంగా తిండి, చదువుకోవడానికి పుస్తకాలు, పేపర్లు. అడిగింది అంతే, పుస్తకాలు కూడా డిమాండే! బలవంతంగా ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసేవాళ్ళు. కొన్నాళ్ళ తర్వాత దీక్షలో కలిసిన జతిన్ దాస్ 63 రోజులు చేసి సెప్టెంబర్ 13న ప్రాణం వదిలాడు. భగత్‌సింగ్ అక్టోబర్ మొదటి వారం దాకా, వంద రోజులకు పైనే. ఇక్కడ ఒక విషయం చూడండి. ఆయన జైలు నోటుబుక్కు ఇప్పటికీ ఉంది, 404 పేజీలది, దాని మీద తేదీ 1929 సెప్టెంబర్ 12. జతిన్ చనిపోయింది మర్నాడే. ఒంట్లో శక్తి లేకుండా పడి ఉన్న మనిషి నోటుబుక్కు తీసుకుని సంతకం పెడుతున్నాడు. అందుకని ఆ రెండు గడులనూ పక్కపక్కనే వేశాను, మధ్యలో మామూలుగా వేసే పూలతీగ తీసేసి ఒక్క గోడ మాత్రమే ఉంచాను.

ఇక చదువుకునే గడి. కూర్చుని పుస్తకం చదివే మనిషిని పటంలో ఎట్లా వేయాలి? చేర్యాల పెద్దాయనకు ఫోన్ చేస్తే ఒక్క మాటలో తేల్చేశాడు. "పటంల రాజు ఒక్కడే కూసుంటే బాగుండదు బిడ్డా, సభ కట్టు." సభ కట్టాను. జైలు గది కమానును మండపంలాగా చేసి, నడుమ భగత్‌సింగ్, కాళ్ళ దగ్గర నోటుబుక్కు, చుట్టూ సభలో ఆ నోటుబుక్కులో ఆయన ఎవరెవరి మాటలు రాసుకున్నాడో వాళ్ళు: గడ్డంతో మార్క్స్, ఇంకో గడ్డంతో ఠాగూర్, తలకట్టుతో ఉమర్ ఖయ్యాం, విగ్గు పెట్టుకున్న రూసో, పొడుగు కోటుతో థామస్ పెయిన్. చేర్యాల కళ్ళు, చేర్యాల ముక్కులు, అందరూ పీటల మీద. పూర్తయ్యాక బాపు చాలాసేపు చూసి, "ఈ గడ్డపాయన ఎవరు, ఆ గడ్డపాయన ఎవరు" అని అడిగి తెలుసుకుని, "ఇది బాగుంది" అన్నాడు. మొత్తం పనిలో ఆయన బాగుందన్నది ఇదొక్కటే ఇప్పటివరకు.

జైలు గోడకు నమూనా ఎక్కడా వెతకలేదు. వరంగల్ సెంట్రల్ జైలు గోడ చూస్తూ పెరిగినవాళ్ళం, 2021లో ఆస్పత్రి కోసం కూల్చేశారు గానీ ఆ గోడ ఎత్తు, మూలన బురుజు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. లాహోరు సెంట్రల్ జైలు కూడా ఇప్పుడు లేదు. 1961లో కూల్చి షాద్‌మాన్ కాలనీ కట్టారు. ఉరి తీసిన చోటికి దగ్గరున్న కూడలికి భగత్‌సింగ్ చౌక్ అని పేరు పెట్టాలని పాకిస్తాన్‌లోనే కొంతమంది ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నారు, ఏటా మార్చి 23న అక్కడ కొవ్వొత్తులు పెడతారు.

ఉరి

చిన్న గడి. ఎవరేమన్నా సరే ఇది చిన్నగానే వేస్తానని మొదట్నుంచీ అనుకున్నాను. సాండర్స్ హత్య కేసులో ప్రత్యేక ట్రిబ్యునల్ 1930 అక్టోబర్ 7న ఉరిశిక్ష వేసింది, 1931 మార్చి 24 పొద్దున అమలు చేయాలి, కానీ 23 సాయంత్రమే, చీకటి పడే వేళకు, కానిచ్చేశారు. జనం వస్తారన్న భయం. శవాలను వెనకవైపు నుంచి బయటికి తీసి సట్లెజ్ ఒడ్డున రాత్రికి రాత్రి కాల్చారు. ఈ గడిలో ముగ్గురూ ఒకే ఎత్తు, సుఖ్‌దేవ్, రాజ్‌గురు పక్కన నిలబడే చిన్న బొమ్మలు కారు. ఇద్దరికి 23, రాజ్‌గురుకు 22 ఏళ్ళు. తాళ్ళు గీయలేదు. పిలుపు వచ్చినప్పుడు ఆయన లెనిన్ మీద పుస్తకం చదువుతున్నాడని చెప్తారు కదా, అది తెరిచి బోర్లా పెట్టి ఉంటుంది.

మార్చి మొదట్లో, ఇవాళ్టికి

ఉరి దగ్గర పటం ఆపేద్దామని పిల్లలన్నారు. నాకు దత్ లేకుండా ఆపడం ఇష్టం లేదు. అసెంబ్లీలో పక్కన నిలబడ్డ మనిషి. ఉరిశిక్ష పడ్డాక భగత్‌సింగ్ ఆయనకు ఉత్తరం రాశాడు, నేను పోతున్నాను, నువ్వు బతికి ఉండి విప్లవకారులు కష్టాలన్నీ తట్టుకుని కూడా నిలబడగలరని చూపించాలి అనే అర్థంలో. దత్ అండమాన్ వెళ్ళాడు, 1938లో విడుదలయ్యాడు, 1942 ఉద్యమంలో మళ్ళీ జైలు. స్వాతంత్ర్యం వచ్చాక పట్నాలో బతుకుతెరువు కోసం నానా తంటాలు పడ్డాడు, పట్టించుకున్న నాథుడు లేడు. 1965 జూలై 20న ఢిల్లీ ఆస్పత్రిలో పోయాడు. కోరుకున్నట్టే సట్లెజ్ ఒడ్డున హుస్సేనీవాలాలో, ఆ ముగ్గురిని కాల్చిన చోటి పక్కనే దహనం చేశారు. ఆ నేల కూడా దేశ విభజనలో పాకిస్తాన్‌కు పోయింది, 1961లో పన్నెండు ఊళ్ళు ఇచ్చి మనవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. 1975లో విద్యావతమ్మను కూడా అక్కడే దహనం చేశారు.

ఆ ఆఖరి గడికి గీత అయింది, రంగు సగమే పడింది. దత్ మంచం పక్కన కూర్చున్న ముసలామె విద్యావతి. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె వచ్చి చూసుకుంది. ఆమె చీరకు ఏ రంగు వేయాలో ఇంకా తేలలేదు, తెలుపు వేస్తే సుద్దలో కలిసిపోతోంది, అంచు మాత్రం నీలి వేసి చూడాలి.

మిగిలిన పని: పక్క అంచుల పూలు, మసి గీతతో చివరి చుట్టు, వెనక అతికింపు. పటం చుట్టడానికి బాపు పాత మగ్గంలో బట్ట చుట్టే కర్ర ఇస్తానన్నాడు, పటం కంటే పొడుగుంది, కోయనిస్తాడో లేదో తెలియదు. ఇంకా పెద్ద పంచాయితీ కథ ఎవరు చెప్పాలన్నది. పిల్లలు మైకు, స్పీకర్ అంటున్నారు. నేనైతే ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ నోటితోనే చెప్పాలంటున్నాను. బాపు ఇంతవరకు ఏమీ అనలేదు గానీ, నిన్న రాత్రి రైలు గడి ముందు నిలబడి దుర్గాభాభీ ముచ్చట మేనకోడలికి చెప్తున్నాడు, మధ్యలో ఒక రాగం కూడా తీశాడు. రేపు అడిగి చూడాలి.